గోడ మీది చెంబు మనిషి

పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజులవి. నార్కట్‌పల్లి దగ్గరి ఒక ఊరికి రామచంద్రం సర్పంచి. నాలుగు రోజులు నల్గొండలో ఉండి, బస్సు దిగి, రోడ్డు పక్కనే ఉన్న తన దొడ్డి గోడ చూసి ఆగిపోయాడు. బండ్లకు రంగులేసే జంగయ్య దానిమీద ఇంకా కుంచె ఆడిస్తూనే ఉన్నాడు.

"గాయన ఎవరు జంగయ్యా?"

"ఎవరు పటేలా?"

"గా చెంబు పట్టుకొని తుప్పలల్లకు పోతున్నాయన."

"మనిషి పటేలా."

"మనిషే. ఏ మనిషి?"

"ఊకె మనిషి. సమితి ఆఫీసరు చెప్పిండు గదా, ఎడమ దిక్కు చెంబు మనిషిని గియ్యి, కుడి దిక్కు పాయిఖాన గియ్యి, చదువు రానోల్లకు గూడ సమజ్ గావాలె అని. గీసిన."

"ఊకె మనిషికి గా మీసం ఎట్లొచ్చింది?"

"మీసం ఎవలకైన వస్తది."

"కొస పైకి మెలిదిరిగి ఉన్నది."

"కుంచె జారింది పటేలా."

"రెండు దిక్కులా?"

"రెండు దిక్కుల జారింది."

"మరి గా కోటు? ఈ ఊర్ల కోటు తొడిగేటోల్లు ఎంతమంది?"

"మస్తుమంది... ఒక్కరే."

"బస్సుల ముప్పై మంది ఉన్నరు. డ్రైవరు గోడ జూసిండు, నన్ను జూసిండు, మల్ల గోడ జూసిండు. నేను దిగుతాంటె ఒక ముసలమ్మ, 'పో బిడ్డా, జల్ది పో' అన్నది."

"ప్రేమతోని అన్నది."

"తుడువు."

"తుడిస్తె పోదు. ఆఫీసుల రంగులు ఇస్తమన్నరు, ఇయ్యలే. ఎర్ర జాజు నూరి, పొయ్యి మసి గీకి, తుమ్మబంక కలిపి నేనే చేసుకున్న. వాన కొట్టినా పోదు."

"అయితె మీద సున్నం కొట్టు."

"కొడ్త. కాని ఆరినంక మసి పైకి తేలుతది. అప్పుడు మీరు తెల్లవడి, ముసలోల్లయి, ఇంకా చెంబు పట్టుకొనే పోతాంటరు."

"'మీరు' అంటివి. ఒప్పుకున్నవ్."

"నోరు జారింది."

"కుంచె జారె, నోరు జారె. ఇంకేం జారుతది నీది?"

"పటేలా, జర గీ కుడి దిక్కు చూడున్రి. దీన్ని ఎవలు చూస్తలేరు."

"ఏమున్నది దాంట్ల? సిమెంటు రానియ్యి, కడ్త అన్న గదా."

"దీంట్ల సిమెంటు ఏడుంది? గుంత. గుంత మీద రెండు బండలు. చుట్టూ కందికట్టె తడక. మీ దొడ్ల కట్టె ఉన్నది, బండలున్నయి."

"ఇంట్ల గూడ గిదే లొల్లి. మూడేండ్ల సంది. 'పొద్దు పొడవక ముందు పోవాలె, లేకుంటే పొద్దు గూకేదాక బిగవట్టుకొని కూసోవాలె, మీ మొగోల్లకేం తెలుసు' అంటది."

"మీరేమన్నరు?"

"సిమెంటు రానియ్యి అన్న."

"ఆమె ఏమన్నది?"

"ఏమన్లే. మాట్లాడుడు బంద్ వెట్టింది. గా సంగతి ఇడిసిపెట్టు. ఈ బొమ్మకు ఉపాయం చెప్పు."

"ఒకటున్నది. గీ పాయిఖాన తలుపు కాడ జాగ ఉన్నది. గీడ ఇంకొకసారి మిమ్మల్ని గీస్త. చెంబు తీసుకొని లోపలికి పోతాంటరు, మొకం మీద నవ్వు. చూసినోల్లు, 'ఓహో, సర్పంచి మొదలు గట్ల, ఇప్పుడు గిట్ల' అంటరు."

"మంచిగున్నది. గియ్యి."

"ఎట్ల గియ్యాలె? మీ ఇంట్ల లేదాయె. అబద్ధం గీస్తె చెయ్యి ఒంకర పోతది."

"రెండు దిక్కుల కుంచె జారినోనివి, నువ్వు అబద్ధం గియ్యవా?"

"మీసం కాడ కుంచె జారుతది పటేలా, పాయిఖాన కాడ జారదు."

"గుంత ఎంత లోతు ఉండాలె?"

"మనిషి దిగితె తల కనవడొద్దు."

"ఎన్ని రోజులు పడ్తది?"

"గుంతలు తవ్వే భీమయ్యను పిలిస్తె మూడు రోజులు."

"పిలుస్త. మూడు రోజులు నేను బస్సెక్కను. నువ్వు నవ్వు మొకం ఇప్పుడే మొదలువెట్టు."

"తడక కట్టినంక మొదలువెడ్త."

"నా గోడ మీద నాకే షరతా?"

"మీ గోడనే గదా పటేలా, ఏడికి పోతది."

"సరే. కోపానికి రాను, ఒక్కటి చెప్పు. నా ఎడమ చెవు ఎనుక పులిపిరి ఉన్నది. పగటిపూట తలరుమాలు కిందనే ఉంటది. అది గూడ గీసినవ్. నీకెట్ల తెలిసింది?"

"మసి చుక్క పడ్డది."

"జంగయ్యా."

"పడ్డది పటేలా, నిజం..."

దొడ్డి తలుపు తెరుచుకుని సర్పంచి భార్య లీలమ్మ బయటికి వచ్చింది.

"జంగయ్యా, కుంచె కడుక్కొని రా, చాయ్ తాగుదువు. ఎల్లయ్య పెండ్లాము, పంతులు పెండ్లాము, ఇంకా నలుగురు లోపల కూసున్నరు. ఎవలింటాయన మొకం ఎట్లుంటదో చెప్తరట."