ఏడో నంబరు బల్ల నుంచి చీటీ

సభాధ్యక్షులు నొర్బెర్తో గారికి, సెబు నగర సంగీతకారుల సంఘం పెద్దలకు, ఎదురుగా కాల్చిన పంది మాంసం చల్లారిపోతున్నా నా కోసం చెయ్యి పెట్టకుండా ఓర్చుకుంటున్న మీ అందరికీ నమస్కారం. (నవ్వులు)

అధ్యక్షులవారు నన్ను ‘ఒంటరిగా ఎదిగిన గాయని’ అన్నారు. పెద్దవారి మాట కాదనకూడదు గానీ, అది నిజం కాదు.

ఈ ఊరి రేవు దగ్గరి హోటల్లో మా అయిదుగురి బృందం పాడే రోజుల్లో, అతిథులు కాగితపు రుమాలు మీద కావలసిన పాటా, తమ బల్ల నంబరూ రాసి పంపేవారు. నా సొంత పాట ‘చేపల బుట్ట’ పాడతానంటే మేనేజరు, “ఆ చేపల కంపు ఎవడిక్కావాలి? ఎవరైనా అడిగితే అప్పుడు చూద్దాం” అన్నాడు. ఆ శనివారమే దానికోసం చీటీ వచ్చింది, ఏడో నంబరు బల్ల నుంచి. వంటింటి తలుపు పక్కన, పొగకు ఎవరూ కూర్చోని బల్ల అది. మేనేజరు చీటీ చూశాడు గానీ బల్ల చూడలేదు. నేను బేస్ గిటారు వాయించే పిలో అన్న వైపు చూశాను.

“నన్ను చూస్తావేంటమ్మాయ్? దయ్యాలకి మాత్రం మంచి పాట వినాలని ఉండదా? పాడు” అన్నాడు.

ఏడాదిపాటు ఆ దయ్యం అడగబట్టే పాట మనీలా రికార్డుల కంపెనీవాళ్ల చెవిన పడింది. వాళ్లు నన్నొక్కదాన్నే రమ్మన్నారు. చెబితే అన్న మొహం చూడాల్సి వస్తుందని భయపడి, చెప్పకుండా ఓడెక్కాను. నెల తిరక్కుండా మిగతా నలుగుర్నీ హోటలువాళ్లు తీసేశారు. కాసిని మంచినీళ్లు ఇవ్వు తల్లీ.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు ఒంటరిగా పాడాను. ఈ ఊరొచ్చిన ప్రతిసారీ, బల్లలే లేని ఆటస్థలంలో కూడా, ఒక చీటీ వచ్చేది: ‘చేపల బుట్ట, ఏడో నంబరు బల్ల’. పాడేదాన్ని. వేదిక దిగి వెళ్లి పలకరించడానికి మాత్రం మొహం చెల్లలేదు.

ఇవాళ కూడా వచ్చింది, ఇదిగో. ఇక పాడొద్దని డాక్టరు చెప్పేశాడన్న సంగతి పాపం దయ్యానికి తెలీదు. (నవ్వులు) అందుకే దీని వెనక నేనే ఒక కోరిక రాశాను, చదువుతాను. ‘పిలో అన్నా, తప్పు నాది. ఈసారి ఆ పాట నువ్వు వాయించు.’

వంటింటి తలుపు పక్కనే కూర్చున్నావని తెలుసు, తల దించుకోకు. నువ్వు పైకి రా, నేను కిందికి దిగుతున్నాను. నీ బల్ల దగ్గర కూర్చుని వింటాను. నన్నింతకాలం విన్న మీ అందరికీ దణ్ణాలు. సెలవు.