తప్పు నీళ్ల మేస్త్రిది కాదు

అందరికీ దండం. షెడ్లు మూసి వచ్చారు. గ్రీజు చేతులు కడుక్కోకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. కూర్చోండి. మా మేనకోడలు కాగితం రాసిచ్చింది గానీ, నేను దాన్ని కూడబలుక్కుని చదివేసరికి మీకు ఆకలేస్తుంది. నోటితోనే చెప్తాను.

పోయినవాడు నా చెల్లెలి మొగుడు. నాకు బావ. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు. ముప్పై రెండేళ్లు ఒకే షెడ్డులో పనిచేశాం. మీరంతా ఆయన్ని నీళ్ల మేస్త్రి అన్నారు. వెటకారంగానే అన్నారు, నాకు తెలియదా? ఇంజన్లో నీళ్లు పడకూడదని చంటిపిల్లకైనా తెలుసు, ఈయన కావాలని పోస్తాడేమిటని నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్విన రోజే నా చేతికి సైకిలు పంపు ఇచ్చాడు. "కొట్టు బావా, ఆపకు" అన్నాడు. చెయ్యి పడిపోయేదాకా కొట్టాను. "ఇప్పుడు అడుగున పట్టుకో" అన్నాడు. చుర్రుమంది. "గాలిని కుక్కితే వేడెక్కుతుంది. ఇంజన్లోకి గాలి కుక్కే సూపర్‌ఛార్జర్ చేసేది అదే. ఆ వేడి గాలి లోపలికి పోతే పెట్రోలు అదను తప్పి అంటుకుని పిస్టన్ని కొడుతుంది. సన్నగా నీళ్లు చిమ్మితే గాలి చల్లబడుతుంది" అన్నాడు. అంతే. పుస్తకం లేదు, బొమ్మ లేదు. మొక్కలకి మందు కొట్టే పంపు మూతి ఒకటి పీకి, అద్దం కడిగే మోటారుకి తగిలించి, గాలి గొట్టంలోకి మంచులా చిమ్మించాడు. అంతదాకా కొండెక్కేటప్పుడు టకటకా కొట్టుకున్న బండి, ఆ రోజు కిక్కురుమనకుండా ఎక్కింది.

మరి మూడేళ్ల కిందట కొండ రేసులో ఏమైంది? బయట మీరు గుసగుసలాడుకుంటున్నది అదే కదా? సగం దారిలో ఇంజను పోయింది. పిస్టనుకి బొటనవేలు దూరేంత బొక్క. బండి ఓనరు పదిమందిలో నోటికొచ్చినట్టు తిట్టాడు. బావ తల వంచుకుని "నా లెక్క తప్పింది" అన్నాడు. ఆ తర్వాత ఒక్కరైనా ఆయన చేత నీళ్ల గొట్టం పెట్టించుకున్నారా?

వినండి. ఆయన లెక్క తప్పలేదు. తప్పింది నేను.

ఆ నీళ్ల ట్యాంకులో ఉప్పు లేని బ్యాటరీ నీళ్లే పోయాలని నాకు పదిసార్లు చెప్పాడు. డబ్బా అయిపోయింది. ఏ నీళ్లయితేనేం అనుకుని, రేసుకి ముందు రెండు వారాలూ కుళాయి నీళ్లు పోశాను. ఆ వేడికి నీళ్లలోని ఉప్పు పేరుకుని మూతి పూడుకుపోయింది, నీళ్లు చిమ్మడం ఆగిపోయింది. ఇంజను విప్పిన రోజు బావ ఆ మూతిని వెలుతురుకి పెట్టి చూశాడు. సూదిమొనంత కన్నంలో తెల్లగా గడ్డకట్టి ఉంది. నా వైపు చూశాడు. మూతిని చొక్కా జేబులో వేసుకుని, "అన్నం తిందాం పద" అన్నాడు. మర్నాడు నా పీట పక్కన ఆరు డబ్బాల బ్యాటరీ నీళ్లు పెట్టాడు. ఇంట్లో కూడా చెప్పలేదు. చెల్లెమ్మా, నువ్వూ ఇప్పుడే వింటున్నావు. ఇంటికెళ్లాక తిట్టు, పడతాను.

ఎందుకు చెప్తున్నాను? ఎవరూ పెట్టించుకోకపోతే ఆయన ఆ గొట్టం మన షెడ్డు బండికే పెట్టుకున్నాడు. ఈ ఆదివారం అది అదే కొండ ఎక్కాలి. నడిపేది ఆయన కూతురు. నిన్న నలుగురు పెద్దమనుషులు వచ్చి, "ఆ నీళ్ల గోల పీకెయ్, పిల్ల ప్రాణం" అన్నారు. నా మేనకోడలి ప్రాణం మీకంటే నాకెక్కువ. పీకను! ప్రతి పరుగుకీ ముందు మూతి నేనే విప్పి చూస్తాను, ట్యాంకు నేనే నింపుతాను. అనుమానం ఉన్నవాడు వచ్చి నా పక్కన నిలబడి చూడొచ్చు.

ఇక లేవండి. టోపీలు తీయండి. మూడేళ్లు భయపడి నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఒక్క నిమిషం ఆయన కోసం మూసుకుంటాను. మీరూ నాతో నిలబడండి.