ఒక్క పిలుపుకే

"ఇగో బిచ్యా, చాయ్ ఇక్కడ పెట్టు. నాలుగింటి వేంసూరు బస్సుకు మీ వదిన వచ్చి నీ కొట్టు ముందటనే దిగుతది. 'నా మాట నీ చెవికెక్కదు' అనుకుంట నెల కింద పుట్టింటికి పోయింది గద. నిన్న ఫోన్ల చెప్పింది: 'బస్సు దిగి ఒక్కసారే పిలుస్త. పలికితే ఇంటికొస్త, లేకుంటే అదే బస్సుల మళ్లీ పోత.' సవరమ్మ అన్నదంటే అన్నట్టే. అయినా ఈ లూకా మేస్త్రీ చెవికే పరీక్షా?

అరే జోయెల్, మొన్న మా షెడ్డుల ఆరు లారీలు ఒక్కపారే స్టార్ట్ జేసి ఉన్నయి. స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకు ఆనిచ్చి, పిడి చెవికి పెట్టుకున్న. మూడో లారీల బేరింగ్ పోయిందన్న. ఇప్పి చూస్తే పోయింది!"

"అవ్ మామా, అది నేను గూడ చూసిన," అన్నాడు జోయెల్.

"చెవి జల్లెడ లెక్కరా. కావాల్సింది ఆపుకోవాలె, మిగతాది జారనియ్యాలె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్క్రూడ్రైవర్ గూడ అక్కర్లేకుండ పోయింది. ఇక్కడే చాయ్ తాగుతుంటే, కొత్తగూడెం కాడ బొగ్గు లారీ టైర్ల మేకు దిగింది. నాకు వినవడ్డది. 'ఆపురా' అని ఇక్కడి నుంచే కేకేసిన. ఆపిండు!"

"లూకన్నా, బస్సు..." అన్నాడు బిచ్యా.

"బస్సు కాడికే వస్తున్న, ఆగు. శ్రీరామనవమి. భద్రాచలంల లక్ష మంది, మైకులు, డోళ్లు. గోదారి బ్రిడ్జి మీద ఓ బస్సుకు ఒక్క నట్టు లూజయ్యింది. గంత గోలల ఆ నట్టు నన్ను పేరు పెట్టి పిలిచింది! ఎవరమ్మా ఎనక నుంచి 'ఏమయ్యా, ఏమయ్యా' అని? జర ఆగు, కథ మధ్యల ఉన్న. ఇగ గోదారి అవతల అడవిల ఓ ఎలుగుబంటి పండుకున్నది. దాని కలల ఒక లారీ ఘాట్ ఎక్కుకుంట ఆగిపోయింది. ఆ కలల ఇంజను చప్పుడు నాకు..."

జోయెల్‌కు చాయ్ పొలమారింది.

"అన్నా," అన్నాడు బిచ్యా, "బస్సు వచ్చింది, పోయింది. వదిన నీ ఎనక బల్ల మీదనే ఉన్నది."

లూకా తిరిగి చూశాడు. సవరమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని అతని చాయ్ తాగుతోంది.

"ఒక్కసారే అనుకున్న గని మూడుసార్లు పిలిచిన," అంది ఆమె. "మొదటిసారికి కొత్తగూడెంల ఉన్నవ్. రెండోసారికి గోదారి మీద. మూడోసారికి ఎలుగుబంటి కలల. బస్సెక్కుదామంటే, ఆ లారీకి ఏమైందో తెలువక కాలు కదల్లేదు."

సంచి అతని చేతికిచ్చి లేచింది.

"నడువు. ఇంటికి పోయేదాక చెప్పు. ఇద్దరిల ఒకరన్నా వినాలె గద."