మంగవ్వ చూస్తనంటది

ఆర్మూర్‌లో పసుపు మిల్లు వెనక గల్లీ. తుపాకి అప్పజెప్పి అడవి నుంచి తిరిగొచ్చిన గంగాదాస్, అక్క లసుమవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పొద్దుటి చాయ్ తాగుతూ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

“...గా దండలు తీసి లోపల పెట్టక్కా. వాసనకు తల నొస్తుంది.”

“నేనేం జేద్దు తమ్మీ? పొద్దుగాల్నే రెండు పార్టీలోళ్లు వచ్చిపాయె. గీ వార్డుకు కౌన్సిలర్‌గ నిలవడుమంటుండ్రు.”

“నిన్నటిదాంక గీళ్లే నన్ను దేశద్రోహి అన్నరు.”

“గిప్పుడు అన్నా అంటుండ్రు. మా పసుపుపొడి ఫ్యాక్టరీ సేటు గూడ కబురు పంపిండు. గేటు కాడ నౌకరి ఇస్తడట.”

“వాచ్‌మెన్‌గనా?”

“సూపర్‌వైజర్‌గ. కూలి పెంచుమని మేం ఆడోళ్లం లొల్లి జేస్తున్నం గద. నువ్వు గేటు కాడ నిలవడితె సాలు, ఎవలు నోరెత్తరని ఆయన ఆలోచన.”

“నా పేరు గందుకు పనికొచ్చిందా!”

“నవ్వకు. నువ్వు నవ్వుతుంటె ఏడుస్తున్నట్టే ఉంది.”

“అలిసిపోయిన అక్కా. జర కూసోనియ్యి నన్ను.”

“కూసో, ఎవలు వద్దన్నరు? ఇంకొక్కామె వస్తనన్నది, గంతే. మంగవ్వ. మా ఫ్యాక్టరీల నా పక్కనే కూసోని పసుపు కొమ్ములు ఏరుతది. ఇందల్వాయామె. కొడుకు గూడ మీ దళంలనే కలిసిండట.”

“పేరు?”

“లక్ష్మీరాజం. ఎరుకనా?”

“నేను ఇంట్ల లేనని చెప్పు.”

“ఎరుకనా అంటున్న.”

“లేనని చెప్పక్కా.”

“నువ్వొచ్చినవని తెలిసినప్పటి సంది గామెకు పని మీద పానం లేదు. ఒక్కపారి చూస్తనంటది. కొడుకు ఉన్నడో లేడో, గదొక్క ముచ్చట చెప్పు.”

“లేడు.”

“అయ్యో! ఎప్పుడు?”

“శాన ఏండ్లాయె. గుట్ట మీద మేమిద్దరమే ఉన్నం. కాల్పులైనయి. నేను ఉరికిన. వాడు పడిపోయిండు.”

“ఏ గుట్ట తమ్మీ?”

“గదే. పేపర్ల నేను సచ్చిన్నని ఏసిరి సూడు, గా గుట్ట.”

“గా గుట్ట మీద పడ్డది వాడా?”

“ఏమైందక్కా? వాణ్ని పోలీసోళ్లే ఏడనో కాలవెట్టిండ్రనుకున్న నేను.”

“మేమే కాలవెట్టినం.”

“ఏంది?”

“నిజామాబాద్ దవాఖానకు రమ్మన్నరు. పీనిగె మీది బట్ట తీసిండ్రు. సూసిన.”

“నేననుకున్నవా?”

“నిన్ను సంకనెత్తుకోని పెంచిన. బట్ట తియ్యంగనే తెల్సింది, నువ్వు కాదని.”

“మరి?”

“బాపును ఠాణల కూసోవెట్టిండ్రు. నడుం పడిపోయేటట్టు కొట్టిండ్రు. నువ్వు సచ్చినవంటె ఇడిసిపెడ్తరు గద. మా తమ్ముడే అని మొత్తుకున్న. ఇంటికి తెచ్చినం, పసుపు వూసినం, తానం పోసినం. బాపు తలకొరివి వెట్టిండు. ఎవ్వల కొడుకో, ఎవ్వల కొడుకో అని లోపల్లోపల ఏడ్సుకుంటనే ఉన్న. గీ మంగవ్వ కొడుకా? దినాం నా సద్దిగిన్నెల చెయ్యి పెట్టి తింటది గద తమ్మీ!”

“నిమ్మలంగ మాట్లాడక్కా. ఎవలో గేటు తీస్తుండ్రు.”

“గామెనే... రా అత్తా, రా. గీ పీట మీద కూసో.”

“గీయనేనా లసుమవ్వా, మీ తమ్ముడు?”

“ఔ పెద్దవ్వా, నేనే. మీ లక్ష్మీరాజం...”

“నువ్వేం చెప్పకు బిడ్డా. అడుగుదామని రాలే, నిన్ను సూద్దామనే వచ్చిన. ఎంటికలు తెల్లగయినయి గద! మంచిగ తింటున్నవా?”

“అత్తా, నేను నీకొకటి చెప్పాలె. గా దినం దవాఖానల...”

“నా కొడుకేమోనని వచ్చి గా తలుపు కాడ నేను గూడ నిలవడ్డ లసుమవ్వా. బట్ట తీస్తె సూసిన. నువ్వు మా తమ్ముడే అని మొత్తుకుంటున్నవు, నా కొడుకని నేనెట్ల చెప్పుదు? చెప్తె పోలీసోళ్లు గీ పిలగాని కోసం మల్ల గుట్టలన్ని దేవులాడుదురు.”