పక్క సీటు

(నాలుగు సీట్ల చిన్న విమానం, గాల్లో. ఎడమ సీట్లో కూర్చుని నడుపుతున్నది మరదలు. ఆమె పక్క సీట్లో బావ. వెనక అక్క. ముగ్గురి చెవులకీ హెడ్‌ఫోన్లు.)

“చెప్పులెందుకే తియ్యమంటున్నావు?”

“చెప్పులు కాదక్కా, ఫ్లాప్స్. ఫ్లాప్స్ దించుతున్నా అన్నాను. రెక్కల వెనకాల రేకులుంటాయి చూడు, అవి. దించితే మెల్లగా దిగుతాం.”

“ఈ మోతలో నాకేం వినిపించి చచ్చింది. ఒకటి తీసేశాను కూడా. జారి సీటు కిందకి పోయింది.”

“ఏంటి మరదలు పిల్లా, పైలట్ సర్టిఫికెట్టు వచ్చి వారం కాలేదు, మొదటి ట్రిప్పే ఫ్లాపంటావేంటి?”

“బావా, దిగేటప్పుడు జోకులొద్దని చెప్పానా లేదా?”

“దిగేటప్పుడు జోకుల్లేకపోతే దిగులు పట్టుకుంటుంది. అసలు దిగులన్న మాటే దిగడంలోంచి వచ్చింది.”

“ఏవండీ, దాన్ని నడపనివ్వండి. ఆ నోరు కాసేపు పార్కింగులో పెట్టండి.”

“నువ్వు కూడా అక్కా, కాస్త... బావా, ఎదురుగా రన్‌వే. కాళ్ళు వెనక్కి పెట్టుకున్నావా? నీ ముందున్న పెడల్సూ నా పెడల్సూ వేరు కాదు, కలిసే కదుల్తాయి. వాటితోనే ముక్కు తిప్పేది, ఒకటి దిగితే ఇంకోటి లేస్తుంది.”

“మన డ్రైవింగ్ స్కూలు బండిలో నా వైపు బ్రేకు లాగే కదా. పక్క సీట్లో కూర్చుని జుట్టు నెరిసినవాడికి పెడల్ పాఠం చెప్తున్నావ్. వెనక్కే ఉన్నాయి. కాళ్ళు కాదు, రాళ్ళు.”

“స్పీడు సరిపోయింది. గాలి కొంచెం ఎడమ నుంచి... ముక్కు కుడికి పోతోందేంటి?”

“పోతే పోనీ, ముక్కేగా.”

“బావా.”

“సరే, మూసుకున్నా.”

“ఎడమ పెడల్ దిగట్లేదు. తొక్కుతున్నా, దిగట్లేదు.”

“దిగట్లేదంటే?”

“బిగుసుకుంది. కింద ఏదో అడ్డం పడ్డట్టు. అక్కా, చెప్పు. నీ చెప్పు ఎక్కడుంది?”

“అయ్యో, సీటు కిందే... నా సీటో, మీ సీటో. ఉండు, వంగి...”

“వంగొద్దు. బెల్టు విప్పొద్దు. మళ్ళీ పైకి వెళ్తున్నాం. టవర్, మళ్ళీ పైకి వెళ్తున్నాం, చుట్టు తిరిగి వస్తాం.”

“అదేంటి, నేల అంత దగ్గరికొచ్చి? ఇంకాస్తయితే దిగేవాళ్ళంగా.”

“ఇంకాస్తయితే పక్కనున్న పొలంలో దిగేవాళ్ళం బావా. ఆగు... ఇప్పుడు దిగుతోంది.”

“ఏంటి, విమానమా?”

“పెడల్. ఎడమ, కుడి. వెన్నలా దిగుతోంది.”

“చూశావా, పైకొస్తే అన్నీ బాగవుతాయి. పైలట్టంటేనే పైన లేటుగా ఉండేవాడు. పై-లేటు.”

“బావా, నిజం చెప్పు. నీ కాలు తగిలిందా?”

“లేదు తల్లీ. మీ అక్క మీద ఒట్టు.”

“నా మీదెందుకండీ, మీ మీద వేసుకోండి.”

“నాకు నీ పెడల్‌తో పనేంటి? నీకు కారు నేర్పినప్పుడు తొక్కానా? రెండో రోజే రయ్యిమన్నావు. మీ అక్క అలా కాదు, ఎన్నిసార్లు కూర్చోబెట్టినా మలుపు మలుపుకీ ఠపీమని బండి ఆపేసేది.”

“అది నాకు చేతకాదనే కదండీ మానేశాను. ఇప్పుడా సంగతెందుకు?”

“అక్కా, కాలితో వెతుకు. తగిలిందా చెప్పు?”

“తగల్లేదే. నా వల్లే అయిందేమో... ఏవండీ, మీ కుడికాలు అలా వణుకుతోందేంటి? సందులోంచి కనిపిస్తోంది.”

“వణుకు కాదోయ్, తాళం. లోపల పాట నడుస్తోంది.”

“ఏ పాటో.”

“ఏదైతేనేం. ఒక్కమాట మరదలా. ప్రైవేటు సర్టిఫికెట్టు వచ్చింది, సంతోషం. దాంతో సరిపెట్టుకుంటే పోలా? సర్టిఫికెట్టు, సరిపెట్టు. ఇంకా రాత్రుళ్ళు ఎగరడం, మబ్బుల్లో ఎగరడం, కమర్షియల్ కోర్సు, ఇదంతా... మన స్కూల్లో ఆడవాళ్ళ బ్యాచికి నువ్వు తప్ప దిక్కెవరు?”

“బావా, ఇప్పుడా?”

“మరెప్పుడు? నేల మీద దొరకవుగా.”

“సాయంత్రం నాకు ఎగరడం నేర్పిన సారు ఆ కోర్సుకి పేరు పంపుతారు. ఒక్క పేరే. నాదే పంపుతానన్నారు. అందుకే ఇవాళ మిమ్మల్నిద్దర్నీ ఎక్కించుకొచ్చాను, వెళ్ళేముందు మీరు చూడాలని. చూడు. మాట్లాడకు. మళ్ళీ దిగుతున్నాం.”

“మళ్ళీ బిగుసుకుంటే?”

“స్టీరింగుతో రెక్క వంచి సర్దుకుంటా. సారు నేర్పారు. ఎవరూ మాట్లాడొద్దు.”

“నేనేం...”

“ఎవరూ. రన్‌వే వచ్చేసింది. మెల్లగా... మళ్ళీ. మళ్ళీ కుడికి లాగుతోంది. దిగట్లేదు. ఎడమ దిగట్లేదు. అక్కా, తల వెనక్కి ఆనించు. దించేస్తున్నా. రెక్క... రెక్క... ఇంకొంచెం.”

“అమ్మో.”

“తగిలింది. గడ్డిలోకి పోతున్నాం. ఆగు. ఆగవే తల్లీ, ఆగు... ఆగింది.”

“ఆగిందా?”

“ఆగింది. ఇంజన్ ఆపేశా. అక్కా, బాగున్నావా?”

“ఉన్నానే. నువ్వు?”

“ఉన్నా. బావా? బావా, పలకవేంటి?”

“...ఉన్నా.”

(విమానాల షెడ్డు పక్కన ఆఫీసు గది. ఎగరడం నేర్పిన సారు చేతిలో ఒక చెప్పు.)

“ఇదిగోనమ్మా మీది. మీ సీటు కిందే, వెనక మూలలో ఉంది. ముందుకి రాలేదు. రావడానికి వీల్లేదు కూడా, మధ్యలో కడ్డీ ఉంది.”

“హమ్మయ్య. నా చెప్పే మా కొంప ముంచిందనుకుని ఇందాకట్నుంచీ కుమిలిపోతున్నా సారూ.”

“హమ్మయ్య ఏంటక్కా? చెప్పు కాకపోతే మరేంటి?”

“అదే నేనూ అడుగుతున్నా. మెకానిక్ రెండు వైపులా తొక్కి చూశాడు, తీగలు లాగి చూశాడు. ఎక్కడా అడ్డం లేదు.”

“సారూ, నేను తొక్కాను. దిగలేదు. రెండుసార్లూ.”

“తొక్కావు. కాదనను. కంగారులో రెండు కాళ్ళూ కలిపి తొక్కి ఉంటావు. అప్పుడు ఏదీ దిగదు. కొత్తలో జరిగేదే.”

“నాకెప్పుడూ జరగలేదు.”

“ఇన్నాళ్ళూ నీ పక్కన ఉంటే నేనున్నాను, లేకపోతే ఎవరూ లేరు. ఇవాళ మొదటిసారి సొంత మనుషుల్ని ఎక్కించావు. ఆ బరువు వేరు.”

“అంటే... నా పేరు?”

“ఎలా పంపను, చెప్పు? విమానం గడ్డిలో ఉంది. ఎందుకుందో నాకు తెలీదు. తెలీకుండా మేఘాల్లోకి పంపిస్తానా నిన్ను? వచ్చే ఏడాది చూద్దాం.”

“ఏవండీ, మీరొక మాట చెప్పండి. అది అంత బాగా నడిపిందని చెప్పండి.”

“ఏం చెప్పను... మంచినీళ్ళున్నాయా సారూ?”

“వదిలెయ్ అక్కా. సారు చెప్పిందే నిజమేమో. నాకే తెలీకుండా తొక్కి ఉంటా. మీ ఇద్దర్నీ చంపేసేదాన్ని ఇవాళ. వచ్చే ఏడాదీ వద్దు, ఏ ఏడాదీ వద్దు. బావా, స్కూలు బోర్డు మీద నీ పేరు పక్కన నా పేరు రాయిస్తానన్నావుగా. రాయించు.”

“...రాయించేశానే. పొద్దునే. పెయింటు తడి కూడా ఆరలేదు.”

“పొద్దునే రాయించారా? దాని పేరు కోర్సుకి పోతోందని తెలిసి కూడా?”

“మనసు మార్చుకుంటుందేమోనని...”

“మార్చుకున్నాగా అక్కా. గొడవెందుకు.”

“ఒక్క నిమిషం. అయ్యా, మీరు పక్క సీట్లోనే ఉన్నారు. మీరేమైనా చూశారా? పాప కాళ్ళు గానీ, పెడల్ గానీ?”

“నేనా సారూ? నేను... కళ్ళు మూసుకున్నానండి.”

“చోద్యం. నిద్రలో కూడా నోరు మూసుకోని మనిషి కళ్ళు మూసుకున్నాడట.”

“ఇంటికి పోదాం పదవోయ్. తలనొప్పిగా ఉంది.”

(ఇంటి దారి. డ్రైవింగ్ స్కూలు కారు. మరదలే నడుపుతోంది. పక్క సీట్లో బావ, వెనక అక్క.)

“తలనొప్పన్నారు. మరి పిక్క నొక్కుకుంటున్నారేంటి?”

“పట్టేసింది. అందుకే దాన్ని నడపమన్నా.”

“మెట్లెక్కలేదు, దిగలేదు. కూర్చున్న మనిషికి పిక్క పట్టెయ్యడమేంటండీ?”

“అక్కా, ఆయన్నేం అనకు. బావా, సోమవారం నుంచి ఆడవాళ్ళ బ్యాచి నేనే చూసుకుంటా. పొద్దున బ్యాచి కూడా ఇవ్వు. ఖాళీగా ఉంటే పైకి చూడాలనిపిస్తుంది.”

“...ఇస్తాలే.”

“ఒక్క జోకైనా వెయ్యి బావా. నీ మౌనం చూస్తే భయంగా ఉంది.”

“ఏం జోకే. విమానం... అవమానం. అంతే. రావట్లేదు.”

“అవమానం నాది. నీకేంటి?”

“అదిగో ఎదురుగా లారీ, చూసుకో మరదలా. ఆగుతున్నట్టుంది...”

“అబ్బ. మెల్లగా పోనీవే. నుదురు సీటుకి కొట్టుకుంది. అంత బ్రేకెందుకే?”

“నేను వెయ్యలేదక్కా.”

“వెయ్యకుండానే ఆగిందా?”

“లారీ ఇంకా అంత దూరంలో ఉంది. నా కాలింకా యాక్సిలరేటర్ మీదే ఉంది. ...బావా, నీ కాలెక్కడుంది?”

“వెనక్కే.”

“చూసి చెప్పు.”

“వెనక్కేనంటుంటే.”

“వంగి చూసి చెప్పు బావా.”

“...బ్రేకు మీదుంది.”

“బండి పక్కకి తీస్తున్నా. ఎవరూ దిగొద్దు.”

“ఏమైందే? ఎందుకలా తెల్లబోయావు?”

“నేల దగ్గరికొచ్చిన రెండుసార్లూ కుడికే లాగిందక్కా. పైకి పోగానే వదిలేసింది. కుడికి. కుడి పెడల్. పెడల్ బిగుసుకోలేదు, అవతల ఎవరో తొక్కిపట్టారు. బావా, ఎదురుగా ఏదైనా దగ్గరికొస్తే నీ కాలు పోతుంది. కదా? నీకిది తెలుసా?”

“మొదటిసారి తెలీదు. మీ అక్క మీద... కాదు, నా మీద ఒట్టు. కాలు నన్ను అడిగి పోదే. రోజంతా అదే పని దానికి.”

“రెండోసారి?”

“గడ్డిలో ఆగాక పిక్క పీకింది. చూసుకుంటే పాదం కింద పెడల్ ఉంది.”

“అంటే సారు గదిలో నీకు తెలుసు.”

“చెప్దామనే నోరు తెరిచా. ఈలోగా నువ్వు బోర్డు మీద పేరు రాయించమన్నావు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.”

“సారు అడిగారు బావా. నీ మొహం చూసి అడిగారు.”

“అడిగాడు.”

“మీ ఇద్దర్నీ చంపేసేదాన్నని ఏడుస్తుంటే విన్నావు.”

“విన్నా. ఫోనియ్యి.”

“ఎందుకు?”

“సారుకి చేసి ఇయ్యవే. స్పీకర్లో పెట్టు. మీ అక్క కూడా వినాలి, నేను మళ్ళీ మాట తిప్పకుండా... సారూ, నేనండి. పక్క సీటు.”

“చెప్పండి. పాపకేమైనా అయిందా?”

“పాపకేం కాలేదు. పాపం నాది. ఆ పెడల్ తొక్కింది నేనండి, రెండుసార్లూ. డ్రైవింగ్ నేర్పేవాణ్ణి. పక్క సీట్లో కూర్చుంటే నా కాలు నా మాట వినదు. పిల్ల తప్పేం లేదు. కాళ్ళు వెనక్కి పెట్టుకోమని చెప్పింది, పెట్టుకున్నానని చెప్పా. నేను అడ్డం కాలేసినా నేలకి దించిందండి అది.”

“ఇందాక అడిగాను కదా మిమ్మల్ని?”

“ఇందాక నాకు మా స్కూలుకి ఇన్‌స్ట్రక్టర్ కావాలండి.”

“ఇప్పుడు అక్కర్లేదా?”

“కావాలి. అయినా చెప్తున్నా.”

“...అమ్మాయి వింటోందా?”

“వింటున్నా సారూ.”

“నీ తప్పూ ఉంది. ఈయన వృత్తి తెలిసి ఆ సీట్లో కూర్చోబెట్టావు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకోవడం కూడా పైలట్ పనే.”

“అవును సారూ.”

“పెడల్ ఎదురు తిరిగితే ఎలా దించాలో మాత్రం ఇక నేను నీకు నేర్పక్కర్లేదు. ముగ్గురూ వెనక్కి రండి. ఈయన ఇదే మాట మెకానిక్ ముందు చెప్పాలి, తన పనిని అనుమానించానని వాడు నా మీద అలిగి కూర్చున్నాడు. సాయంత్రం దాకా వేరే పేరు పంపకుండా ఆగుతా.”

“వస్తున్నాం. ...పెట్టేశారు. బావా, బోర్డు?”

“తడి ఆరలేదన్నాగా. తుడిస్తే పోతుంది. నువ్వు కోర్సుకి పోయాక నిన్ను తిట్టుకుంటా, ఇప్పుడు కాదు. బండి తిప్పు.”

“తిప్పుతా. నువ్వు తలుపు తీస్తున్నావేంటి?”

“ఈ సీటు నాకు పడదు. వెనక్కొస్తా. ఏమోయ్, కాస్త జరుగు.”

“జరగడం కాదు, నేనే దిగుతున్నా. మీరు వెనక కూర్చోండి, ముందు సీట్లోకి నేను వెళ్తా. ఎక్కేముందు ఒక్కమాట చెప్పండి. అప్పుడు నేను నేర్చుకునేటప్పుడు మలుపు మలుపుకీ బండి ఆగేదే, నాకిది చేతకాదని ఏడ్చి మానేశానే... అది ఆపింది నేనా, మీరా?”