ఎల్లేశం ఘాటు దిగిన జోరు

అమ్రాబాద్ కొండల ఘాటు దారిని ఎల్లేశమంత జోరుగా దిగినవాడు ఇంకా పుట్టలేదు. ఆ మాట చెప్పేది ఎల్లేశమే. ఏటా ఉన్ని కత్తిరించేనాడు గొర్లకాపర్లంతా కత్తెరలు పట్టుకుని కూర్చోగానే మొదలుపెడతాడు. అతని పెండ్లాం గోపమ్మ పక్కన ఉన్ని దులుపుతూ తలెత్తకుండా వింటుంది. మొదటి ఏడు చెప్పినప్పుడు అతను దాటింది ఒక గుర్రాన్ని మాత్రమే. ఏటేటా జోరు పెరుగుతూ వచ్చింది. గోపమ్మ ఎన్నడూ అడ్డు చెప్పలేదు. ఇంకాస్త పెరిగితే ఏదో ఒక ఏడు వేళకు చేరుకుంటాడేమోనని ఆమెకూ ఒక ఆశ.

"మా బిడ్డ మారెమ్మకు జెరం. పిల్ల ఒళ్లు పెనం లెక్క కాలుతాంది. గొంగట్ల సుట్టి భుజానేసుకున్న. మొదలు ఉత్తగనే నడిచిన. దిగుడు తగిలింది సూడు, ఏసిన అడుగు కన్న ఏసే అడుగుకు జోరెక్కువ. ఆపుదామంటె కాళ్లు ఇంటలేవు. ముందట పోలీసు అమీను మోటారు పోతాంది. దాటేసిన."

"మోటారునా మామా?" అన్నాడు కాపర్లలో ఒకడైన గుర్వయ్య.

"అండ్ల కూసున్నోళ్లు మోటారు నిలవడ్డదనుకున్నరు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? జరుగుండ్రి అని కేకేసిన. నేను మలుపు తిరిగినంక గా కేక ఎన్కనుంచి రొప్పుకుంట వచ్చింది. నీడ సంగతి అడగకుండ్రి, అది సగం దారిల్నే కూలవడ్డది."

"పాపం, దానికి గిన్ని నీళ్లన్న తాపకపోతివి," అన్నారెవరో.

"నవ్వుండ్రి. నేను బయలెల్లింది నడిమింటి పొద్దుకు. అచ్చంపేట దవాఖాన కాడ నిలవడి సూస్తె, పొద్దు అప్పుడే పొడుస్తాంది."

అందరూ పడీపడీ నవ్వారు. కొత్తకోట దిక్కు నుంచి ఆ ఏడే వచ్చిన దుర్గయ్య మాత్రం నవ్వలేదు. కాపరి కాపరిని అడిగినట్టే అడిగాడు.

"గప్పుడు మంద కాడ ఎవరున్నరే అన్నా?"

కత్తెరలు ఆగిపోయాయి. అది దొర మంద. పులి ఒక్క గొర్రెను ఎత్తుకుపోయినా కాపరి ఇల్లంతా దొర గడీలో వెట్టి చేయాలి. ఎల్లేశం గోపమ్మ దిక్కు చూశాడు.

"మంద మా ఎంబడే ఉన్నది," అంది గోపమ్మ, ఉన్ని పక్కన పెట్టి. "ముందట నేను, ఎన్క ఆయన. దొర గొర్లాయె, అడివిల ఎట్ల ఇడుస్తం? ఒక కుంటి గొర్రె ఉండె. అది ఎంత నడిస్తె అందరం గంతే. దిగుడు సగం గాకముందే పిల్ల ఒళ్లు సల్లవడ్డది, దవాఖాన దాక దక్కలే."

గుర్వయ్య మళ్లీ కత్తెర అందుకున్నాడు. "మోటారైతె దాటినవ్ గద మామా."

"దాటిన," అన్నాడు ఎల్లేశం.

అంత ఎండలోనూ భుజం మీది గొంగడి తీయలేదు. లోపల ఎవరో పడుకున్నట్టు, లేస్తారేమోనన్నట్టు, దాన్ని మెల్లగా సర్దుకున్నాడు.