కుంటి చీమను పట్టిన కళ్ళు

"నమ్మనివాళ్ళు టీ తాగేసి ఇప్పుడే లేవండి. సగంలో లేచి మూతులు తిప్పితే మాత్రం నేనూరుకోను" అన్నాడు గడియారాల తాతయ్య, గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి.

ఎవరూ లేవలేదు. దర్జీ కాళ్ళు చాపుకుని సర్దుకు కూర్చున్నాడు. టీ కొట్టతను పాలు పొంగకుండా గరిటె తిప్పుతూనే ఒక చెవి ఇటు పారేశాడు. బల్ల చివర ముసలాయన కొడుకు కూర్చున్నాడు. ముక్కు మీద సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు, వాటి వెనక ఒక్కటే పనిచేసే కన్ను. పొద్దున కూతుర్ని కంటి డాక్టరుకి చూపించుకొచ్చాడు. ఐదేళ్ళ పిల్లకి దూరం ఆనడం లేదనీ, అద్దాలు ఇవాళే పెట్టాలనీ, చీకటి గదిలోంచి తీసి రోజూ వెలుతుర్లో ఆడించాలనీ చెప్పారు. ఇంట్లో ఆ మాట ఎత్తగానే ముసలాయన చెప్పులేసుకుని టీ కొట్టుకొచ్చేశాడు. వెనకే ఇతనూ వచ్చాడు. మొగుడూ పెళ్ళాం పనికి పోతే పొద్దస్తమానం పిల్ల ఉండేది ఆ ముసలాయన దగ్గరే. వీళ్ళు పెట్టిన అద్దాలు ఆయన తీసి అవతల పెడితే అడిగేదెవరు? అందుకని ఆయన నోటితో ఊఁ అనిపించుకోకుండా కదిలేది లేదనుకున్నాడు.

"మీ మనవరాలికి అద్దాలంటగా బాబాయ్" అని దర్జీ పుల్ల పెట్టాడు.

"మా పిచ్చుకకా! విను మరి. మొన్న ఆడవాళ్ళ చేతిగడియారం ఒకటి విప్పాను, అందులో స్క్రూ ఎంతుంటుంది, నువ్వుగింజని సగం చేస్తే అంత, అది కాస్తా చేతిలోంచి జారి ఎగిరిపోయింది. కంటికి భూతద్దం బిగించుకుని నేలంతా పాకాను, దొరికితేనా. మా పిచ్చుక వచ్చి, ముక్కు నేలకి ఆనించి, నేను తుమ్మేలోపల తీసి నా అరచేతిలో పెట్టింది. భూతద్దం లేదు, గీతద్దం లేదు."

"పసికళ్ళు కదా, ఆనతాయిలే."

"పసికళ్ళు ఊరంతా ఉన్నాయి, ఎవరింటి కళ్ళన్నది చూడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదే గడియారంలో స్ప్రింగు మాయం. వెంట్రుకని నిలువునా చీరితే ఉండే అంత స్ప్రింగు. ఎవరెత్తుకెళ్ళారు? చీమ. ఇది చీమల బారు పక్కన బోర్లా పడుకుని, 'తాతయ్యా, దొంగ ఇదిగో, కుంటి చీమ' అంది. ఎడమవైపు నడిమి కాలు ఈడుస్తోందట! దాని వెనకే గోడ పగులు దాకా పాకింది, పగుల్లో కన్ను పెట్టింది, లోపల చీకటి, మామూలు చీకటనుకునేవు, చీమలే తడుముకుంటూ నడిచే చీకటి, అందులో రాణి చీమ నా స్ప్రింగుని మెళ్ళో గొలుసులా వేసుకుని కూర్చునుందిట."

"మరి తీసిందా పెద్దాయనా?" అన్నాడు టీ కొట్టతను.

"తీసేదేంటయ్యా, దీని చూపు తగలగానే రాణి చీమే సిగ్గుపడి ఇచ్చేసింది."

దర్జీ టీ పొలమారి దగ్గాడు. కొడుకు నవ్వలేదు. కాళ్ళ దగ్గర నేలని చూస్తున్నాడు.

"ఇంకా ఉంది. ఇప్పుడు మూత కూడా విప్పనక్కర్లేదు. గడియారాన్ని కంటికి ఆనించుకుని లోపల ఏ చక్రానికి ఏ పన్ను అరిగిందో చెప్పేస్తుంది. ఆ మధ్య ఒకాయన నిక్షేపంలా నడిచే గడియారం తెస్తే ఇది చూసి, 'ఎల్లుండి ఆగుతుంది' అంది. ఆగింది. ఆగిన గడియారం మీద మళ్ళీ దీని చూపు పడిందో లేదో, ఝడుసుకుని నడిచింది. అంతెందుకు, ఒకరోజు సూర్యుడు రావడం కాస్త ఆలస్యమైంది. మా పిచ్చుక గోడగడియారం వంకా ఆకాశం వంకా ఒక్కసారి చూసింది. అంతే, పాపం, మొహమైనా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు."

"దాన్ని సూర్యుడి మొహం చూడనిచ్చిందెప్పుడు నాన్నా?" అన్నాడు కొడుకు.

గొంతు పెంచలేదు. అయినా గరిటె ఆగింది.

ఎదురుగా సందుకి అవతల గడియారాల కొట్టు. గుమ్మానికి మందపాటి తెర. గాలికి దుమ్ము లేచి విప్పిన గడియారాల్లో పడుతుందని ఆ తెర ఎప్పుడూ దించే ఉంటుంది. లోపల బల్ల మీద ఒకే దీపం. వీధిలో ఆడుకొస్తే బట్టల నిండా దుమ్ము మోసుకొస్తుందని పిల్లని గడప దాటనివ్వరు. ఆ ఇంట్లో పిల్లలు పెరిగే పద్ధతే అది. వస్తువుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసే బిడ్డ పుడితే, పనిమంతుడు పుట్టాడని మురిసిపోయే ఇల్లు.

"కథ మధ్యలో అడ్డం రాకురా" అన్నాడు ముసలాయన.

"ఆ కథ నాదే కదా నాన్నా. ఆ కుంటి చీమని పట్టుకున్నది నేను. ఇదే బల్ల మీద నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవాడివి. అప్పుడది ఈడ్చింది కుడికాలు."

దర్జీ చాపుకున్న కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"నిజంగా చూశాననే అనుకునేవాణ్ణి" అన్నాడు కొడుకు, దర్జీతో చెబుతున్నట్టు. "చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయని నాకు తెలీదన్నా. దూరంనుంచి చూస్తే అందరికీ పచ్చటి ముద్దేననుకున్నా. బళ్ళో నల్లబల్ల మీదది ఆనక మొట్టికాయలు తింటే, ఇంటికొచ్చాక ఈయన, 'నీది పనివాడి కన్నురా, చదువుకునే కన్ను కాదు' అనేవాడు. అద్దాలు వచ్చేసరికే నంబరు ముదిరింది, ఆపైన ఏటేటా పెరిగింది. గోదాములో మూట దించుతుంటే ఒక మధ్యాహ్నం ఎడమ కంట్లో ఓ మూలనుంచి నల్లటి తెర దిగడం మొదలెట్టింది. కన్ను సాగీ సాగీ వెనక పొర ఊడిందన్నారు. ఆ తెర మళ్ళీ లేవలేదు. డాక్టరు నా కన్ను చూసి, పిల్లది చూసి, తండ్రికుంటే బిడ్డకొచ్చే వీలు ఎక్కువ, మీరు దీన్ని చీకట్లో పెట్టి చిన్న వస్తువులిచ్చి మరీ పెంచుతున్నారా అన్నాడు."

"నీ కన్ను నీ రాత" అన్నాడు ముసలాయన. "దీనిది మా నాన్న చూపు. ఆయన కొండ మీది మేక నెమరేసేది గడ్డో ఆకో ఇక్కణ్ణుంచి చెప్పేవాడు. మీకెవరికీ నమ్మకం లేదు కదూ? సాక్షి కావాలి కదూ? సాక్షి ఇక్కడే ఉంది. పిచ్చుకా! ఓ పిచ్చుకా!"

తెర కదిలింది. పిల్ల గడప మీదికొచ్చింది. చేతిలో ఎవరిదో విప్పిన గడియారం. ఎండకి కళ్ళు చికిలించింది.

ముసలాయన నోరు తెరవబోయాడు. కొడుకు ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "మాట్లాడకు నాన్నా. చెయ్యి ఊపు. చాలు."

ముసలాయన చెయ్యెత్తి ఊపాడు. సందు వెడల్పు ఎంతని, ఇటు ఉమ్మితే అటు పడుతుంది. పిల్ల చూపు దర్జీ మీదుగా, తాత మీదుగా, తండ్రి మీదుగా జారింది. ఎక్కడా ఆగలేదు. చివరికి పొయ్యి చప్పుడు వినిపించే వైపు మొహం తిప్పింది.

"టీ మామా" అంది, "మా తాతయ్య ఇప్పుడే పిలిచాడు. ఎటెళ్ళాడు?"

ముసలాయన రెండో చెయ్యి కూడా ఎత్తి ఊపాడు.